అవ్వ కోకలో సముద్రం

నవ్వుకుంటే నవ్వుకోండి. పెనుకొండ టీచరమ్మ సముద్రాన్నే పోగొట్టుకునిందని మీ హిందూపురంలో ఈపాటికి అందరికీ తెలిసిపోయింటాది. పోగొట్టుకున్న మాట నిజమే. తలకాయ మాత్రం దించుకోను. ఆ టీ ఇట్లియ్యండి, చెప్తా.

మద్రాసు ఓడల కంపెనీ ఒకటి అయ్యవార్లకు సముద్రం గురించి ట్రైనింగ్ ఇప్పించింది కదా. రైలు చార్జీ, భోజనం అన్నీ వాళ్లవే. నేనూ పోయినా. వచ్చేటప్పుడు రంగుల చార్టు ఒకటి, సీలేసిన రేకుడబ్బా నిండా సముద్రపు నీళ్లూ చేతికిచ్చినారు. డబ్బా చుట్టూ కంపెనీ పేరు, ఇంతింత లావు అక్షరాలు. ఆఫీసరు వచ్చినప్పుడు పిల్లోల్ల ముందర ఆ నీళ్లు ఇగిరిపోయేదాకా కాగబెట్టి, అడుగున మిగిలే ఉప్పు చూపించి పాఠం చెప్పాల. పాఠం బాగా చెప్పిన బడి పిల్లోల్లను కంపెనీ మద్రాసుకు తీసుకుపోయి సముద్రం చూపిస్తాది. మీ హిందూపురమోళ్లు ముందే తప్పుకుంటిరి. మిగిలింది మేమూ, పట్టుచీరల ధర్మవరమోళ్లూ.

మా ఆడపిల్లలు చెరువు తప్ప చూసింది లేదు. "టీచరమ్మా, అవతల గట్టు కనపడదంట, నిజమేనా?" అని రోజూ నా ప్రాణం తీసేవాళ్లు. ఎట్లైనా సరే వాళ్లకు చూపించాలని నాకు పట్టుదల.

ఆఫీసరు వచ్చే ముందురోజు అమావాస్య. బడి నుంచి ఇంటికొస్తే వాకిట్లో డబ్బా సీలు ఊడదీసి, బోర్లపడి ఉండాది. మా అవ్వ తడిసిన నల్లకోకతో, కొప్పు ముడేసుకుని, అరుగు మింద మహారాణి మాదిరి కూర్చోనుండాది.

"అవ్వా, నీళ్లు యాడ?"

"పోసుకుంటిని. సముద్ర స్నానం చేయాలని ఎన్నేండ్ల నుంచో అనుకుంటాండా. అదే ఇంటికొచ్చె. మూడు చెంబులు నాకు, మిగిలింది వీధిలో ఆడోళ్లందరి నెత్తిన తలా ఇంత పోస్తిని. పుణ్యం నేనొక్కదాన్నే మూటగట్టుకుంటే బాగుంటాదా?"

"దాంతో రేపు పాఠం చెప్పాల కదవ్వా."

"పాఠానికి మన బావిలో నీళ్లు లేవా?"

హెడ్మాస్టరుదీ అదే మాట. "బావినీళ్లలో గుప్పెడు ఉప్పు కలుపమ్మా, ఎవురికి తెలుస్తాది?" అనె. నాకు రోషం పొడుచుకొచ్చింది. వంటింటి ఉప్పు చూపించి ఇదే సముద్రమని పిల్లోల్లకు చెప్పేది నా వల్ల కాదు పొమ్మంటిని.

తెల్లారి చూస్తే అవ్వ అదే కోకతో ఉండాది. మంచినీళ్లు తగిలితే పుణ్యం పోతాదంట, ఉతకలేదు. ఆరిన నల్లకోక మింద తెల్లతెల్లగా చారలు. వేలితో తీసి నాలిక్కి రాసుకుంటి. ఉప్పు. ఇంకేం, అవ్వను కోకతో సహా బడికి పిలుచుకుపోయినా.

"నీళ్లేవమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఈమె మింద ఆరిపోయినాయి సార్."

బోర్డు ముందర అవ్వను నిలబెట్టి, నీళ్లు ఎట్ల ఆవిరైపోతాయో, ఉప్పు ఎట్ల మిగులుతాదో పాఠం చెప్పినా. పిల్లోల్లు ఊరుకుంటారా? వరసగా వచ్చి కొంగు నాకి చూసినారు. "ఉప్పే టీచరమ్మా, ఉప్పే" అని ఒకటే సంబరం. "నా కోక నాకుతారేమే, దూడల మాదిరి" అని అవ్వ తిట్లు. నా ఉద్యోగంలో అంత బాగా పాఠం ఎప్పుడూ జరగలేదు, ఎవరేమన్నా అనుకోండి.

ఆఫీసరు మొహం మాత్రం మాడిపోయింది. "డబ్బా కూడా తేకపోతే ఫోటోలో మా కంపెనీ పేరు ఎట్లా కనిపిస్తుందమ్మా?"

"పేరే గావాలంటే అవ్వ వీపు మింద రాసుకోండి సార్" అనేస్తి. హెడ్మాస్టరు కుర్చీలో కుంగిపోయినాడు.

మద్రాసు ప్రయాణం ధర్మవరం బడికి పోయింది. మా పిల్లోల్లు ఏడ్చినారు. నాకూ బాధే, అబద్ధమెందుకు. అయినా వాళ్లను నిలబెట్టి చెప్పినా: "కంపెనీ తీసుకుపోకపోతే సముద్రానికి తాళమేసినారామ్మే? ఎండాకాలం సెలవుల్లో మిమ్మల్ని నేను తీసుకుపోతా." తీసుకుపోతా కూడా, చూస్తాండండి.

అవ్వను కూడా రమ్మంటి. "నాది అయిపాయ కదా, మీరు పోయిరాండి" అనె. అని ఊరుకోకుండా, నన్ను ఎగాదిగా చూసి అడిగె:

"అంత సదువు సదివితివి. కోక చూపించి ధర్మవరమోళ్ల మింద గెలుస్తామని ఎట్ల అనుకుంటివే?"