ముక్కు మీద రెండు నొక్కులు

నన్ను నన్నుగా గీసిన ఒకే ఒక్క పిల్లను ఫెయిల్ చేస్తామన్నారు. నేను కాని ముసలివాళ్లను గీసిన మిగతా పిల్లలందరికీ మార్కులు వేశారు. జరిగింది ఇదీ. ఇందులో నేను కలిపింది లేదు, తీసేసింది లేదు. కలపడం, తీసేయడం వాళ్ల పని.

సోమశిలలో పడవలు ఆగే చోటికి పోయే దారిలో నాకో చిన్న డబ్బా కొట్టు ఉంది. కొబ్బరికాయలు, అగరుబత్తులు, బిస్కెట్ పొట్లాలు, నీళ్ల సీసాలు అమ్ముతాను. పక్కనే ఒకామె చేపలు వేయించి అమ్ముతుంది. వరసకు ఏమీ కాకపోయినా నన్ను మామా అంటుంది, వరస ఉన్నట్టే ఆట పట్టిస్తుంది. గిరాకీ లేనప్పుడు నేను పేపరు చదువుతాను. మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా అంతా చదువుతాను. బడికి పోనివాడి చదువు అలాగే ఉంటుంది. ఏది వదిలేయవచ్చో ఎవరూ చెప్పలేదు కనుక ఏదీ వదలడు.

నాకు అక్షరాలు వచ్చింది కాలువ పనుల మీద. మొదట అమ్మానాయనల వెంట, తర్వాత నా అంతట నేను, ఎక్కడ డ్యాం కడితే అక్కడికి, ఏ జిల్లాలో కాలువ తవ్వితే ఆ జిల్లాకు పోయినవాణ్ని. సిమెంటు సంచుల మీది పేర్లు, లారీల వెనక రాతలు, మేస్త్రి తిని పారేసిన బజ్జీల పొట్లం మీద నూనె మరకల కింద మిగిలిన వార్తలు, ఇవే నా పుస్తకాలు. కళ్లు మసకబారినప్పుడు నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయి అద్దాలు రాయించుకున్నాను. నల్ల ఫ్రేము, బరువైనవి. పడుకునేటప్పుడు తప్ప తీయను. గర్వం అనుకుంటే అనుకోండి, నా ముఖంలో నేను సంపాదించుకున్నది అదొక్కటే. మిగతాదంతా ఎండ చేసింది.

పోయిన చలికాలం పట్నం నుంచి బొమ్మలు నేర్పే కాలేజీ పిల్లలు బస్సులో దిగారు. బస్సు ముందు కట్టిన బ్యానరు మీద 'అందరి కళ' అని పెద్దగా రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'అన్ని వర్గాలనూ కలుపుకొనిపోయే కళావిద్య' అని ఉంది. నేను చిన్న అక్షరాలు కూడా చదువుతాను.

వాళ్లను వెంటపెట్టుకొచ్చిన సారు నా డబ్బా ముందు ఆగాడు. నీళ్ల సీసా కొన్నాడు, మూత తీయకుండా నన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఎంత గొప్ప ముఖం! పెద్దాయనా, రేపు మా పిల్లల ముందు కాసేపు కూర్చుంటారా? మీ బొమ్మ గీస్తారు."

"కూసుంటే ఏంది సార్, ఎట్లయినా గీడ కూసునే ఉంట గద."

చేపలామె మూకుడు మీద నుంచి తల ఎత్తింది. "మామా, నీది గొప్ప ముఖమంట! ఇన్నేండ్లసంది పక్కపొంటి ఉన్న, నాకెన్నడు కనవడలేదేంది?"

మర్నాడు నేను గడ్డం గీయించుకున్నాను. ఇస్త్రీ చొక్కా తొడిగాను, జేబులో పెన్ను పెట్టాను, చేతికి గడియారం కట్టాను. బొమ్మ అంటే ఎప్పటికీ ఉండేది కదా. సారు నన్ను చూసి నీరుగారిపోయాడు.

"అయ్యో, గడ్డం తీసేశారా? సరే, పర్వాలేదు. ఆ పెన్ను తీసేయండి. గడియారం కూడా. అద్దాలు..."

"అద్దాలు తీస్తే నాకేం కనవడదు సార్."

"మీరు చూడాల్సిన పని లేదు పెద్దాయనా. చూసేది పిల్లలు కదా."

అని నవ్వుతూ తనే నా చెవుల మీద నుంచి అద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత సంచిలోంచి ఎర్రటి గుడ్డ తీశాడు. దుకాణంలో మడిచిన మడతలు దాని మీద ఇంకా అలాగే ఉన్నాయి. దాన్ని నా తలకు రుమాలుగా చుట్టాడు.

మా నాయన రుమాలు చుట్టేవాడు. ఊళ్లో పెద్దింటి వాకిలి ముందు నుంచి పోవాల్సి వస్తే దాన్ని విప్పి చంకలో పెట్టుకునేవాడు, చెప్పులు చేతిలోకి తీసుకునేవాడు. వాకిలి దాటాక మళ్లీ చుట్టుకునేవాడు. నేను వెనక నడుస్తూ చూసేవాణ్ని. విప్పేటప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉండేదో నాకు తెలియదు, వీపు మాత్రమే తెలుసు. పెద్దయ్యాక నేను తలకు గుడ్డ చుట్టలేదు. చుట్టనివాణ్ని విప్పమనే మొగోడు ఉండడు. అట్లాంటి తల మీద డెబ్బై దాటాక ఒకాయన నన్ను అడగకుండా గుడ్డ చుట్టాడు. మర్యాదగా చుట్టాడు, మెల్లగా చుట్టాడు. అరిచేవాడి మీదైతే తిరిగి అరుస్తాం. ఇట్లా నవ్వుతూ చేసేవాణ్ని ఏం చేయాలో నాకు ఎవరూ నేర్పలేదు.

"పెండ్లి పిలగాని లెక్క ఉన్నవ్ మామా! పిల్లేదే?" అంది చేపలామె.

"నీ మూకుట్ల వేగుతున్నది. తీసియ్యి."

రేవు మెట్ల మీద కూర్చోబెట్టారు. నది ఒక తెల్లటి మసక, పిల్లలు రంగురంగుల మసకలు. పెన్సిళ్ల చప్పుడు వినిపిస్తుంది, ఏం గీస్తున్నారో కనపడదు. కదలొద్దన్నారు కనుక కదలలేదు. కూలి పనిలో కూడా ఇంత కట్టడి లేదు, అక్కడ చెమట తుడుచుకోనిస్తారు.

మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ఒక మసక నా దగ్గరికి వచ్చింది.

"తాతా, జర నీళ్లు తాగుతవా?"

ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. "ఏ ఊరు బిడ్డా?"

"పెద్దమందడి దిక్కు." ఇంకా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడు తాతా. ఈడ నేను గిట్ల మాట్లాడ."

"మరెట్ల మాట్లాడ్తవ్?"

"వాళ్ల లెక్క. మొదటేడు 'వస్త, పోత' అంటే ఒకటే నవ్విండ్రు. కాలేజీల నాటకం వేస్తే పనిమనిషి మాటలు నన్నే చెప్పమన్నరు, మంచిగ కుదుర్తదంట."

అమ్మానాయనలు పూనాలో కాంక్రీటు పనిలో ఉన్నారని చెప్పింది. సోమశిలకు రాకముందు బస్సు గద్వాలలో ఆగిందని, అందరూ మగ్గాలు చూసి చీర అంచులు గీసుకున్నారని చెప్పింది.

"మీ క్లాసుల నేసేటోళ్ల పిల్లలున్నరా?"

"లేరు తాతా."

"కూలోళ్ల పిల్లలు?"

"నేనున్న గద."

"ఇంకా?"

"నేనున్న గద తాతా," మళ్లీ అదే మాట చెప్పి నవ్వింది.

ఎట్లా సీటు వచ్చిందని అడిగాను. పరీక్షలో, పెద్ద షాపింగు మాల్‌లో నడిచే మెట్ల మీద జనాన్ని గీయమన్నారట. "నేనెన్నడు ఎక్కలే తాతా. మా నాయిన పనిచేసిన బిల్డింగుల చూసిన. అప్పటికింక మెట్లు బిగియ్యలే. గొలుసులు, ఇనుప పండ్ల చక్రాలు బయటికే ఉండె. దాని కింద నీడకు మా అమ్మోళ్లు సద్ది తింటుండ్రి. గదే గీసిన."

ఆ పేపరు దిద్దినవారెవరో గానీ కళ్లున్నవారు. సీటు ఇచ్చారు. ఆ పిల్ల తన కళ్లతో చూసింది గీస్తే తప్పని చెప్పడానికి లోపల వేరేవాళ్లు కూర్చుని ఉన్నారని అప్పటికి నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా అయిపోయిందన్నారు. ముందు అద్దాలు పెట్టుకున్నాను, తర్వాత రుమాలు తీశాను. మెట్ల గోడకు వరసగా ఆనించిన బొమ్మలు చూస్తూ నడిచాను. ఒకడు నా చేతికి కట్టె ఇచ్చాడు. ఒకమ్మాయి నా కంట్లో నీటిబొట్టు పెట్టింది. ఇంకొకడు నా వెనక నెర్రెలు వారిన చేను గీశాడు. కృష్ణమ్మ నిండుగా పారుతోంది, వాడి పాదాలకు నీళ్లు తగులుతున్నాయి, అయినా నెర్రెలు గీశాడు. ఒక బొమ్మలో నా పక్కన ఎద్దు ఉంది. మాకు సెంటు భూమి లేదు, నేను ఎన్నడూ ఎద్దును కట్టలేదు.

చేపలామె చేతులు తుడుచుకుంటూ నా వెనకే వచ్చింది. "గీ ముసలోడెవరు? గీ ముసలోడెవరే మామా?" అని ఒక్కో బొమ్మ దగ్గర అడుగుతోంది. చివరి బొమ్మ దగ్గర చప్పట్లు కొట్టింది. "గిదో, మా మామ! పొగ వస్తున్నదని నాతోని కొట్లాడేటప్పుడు గిట్లనే చూస్తడు!"

అది పెద్దమందడి పిల్ల గీసింది. రుమాలు లేదు. జేబులో పెన్ను ఉంది. నల్ల ఫ్రేము అద్దాలున్నాయి, వాటి వెనక నా కళ్లు ఎదుటివాణ్ని నిలదీసి చూస్తున్నాయి.

సారు వచ్చి నిలబడ్డాడు. "ఇదేంటమ్మా? ఎదురుగా ఉన్నది చూసి గీయమంటే, లేని అద్దాలు ఎందుకు పెట్టావు?"

"పొద్దున చూశాను సార్," అంది ఆ పిల్ల, పట్నం మాటల్లో.

"ఇందులో పల్లె ఏది? ఎవరో ఆఫీసు గుమాస్తాలా ఉన్నాడు."

నేనిక ఆగలేకపోయాను. "సార్, గా కట్టె ఏడికెల్లి వచ్చింది? నా చేతుల కట్టె ఎప్పుడుండె? గా ఎద్దు ఎవర్ది?"

"అది ఊహ పెద్దాయనా. కళలో ఆ స్వేచ్ఛ ఉంటుంది."

"మరి గీ పిల్లకు లేదా స్వేచ్ఛ?"

ఆయన నా భుజం మీద చేయి వేశాడు. "మీరు అలసిపోయారు. టీ తాగండి." ఆ పిల్ల వైపు తిరిగి, "మళ్లీ గీసి కాలేజీలో ఇవ్వు. లేదంటే ఈ పేపరు పోయినట్టే" అన్నాడు.

"నేను గీసింది తప్పు గాదు సార్," అంది. ఈసారి మన మాటల్లోనే వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల తల దించలేదు, కానీ మెడ ఎర్రబడింది.

బస్సు ఎక్కేముందు నా డబ్బా దగ్గరికి వచ్చింది. ఈ పేపరు పోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుందట, అది ఆగితే చదువే ఆగిపోతుందట.

"అద్దాలు తీసినంక గూడ నీ ముక్కు మీద రెండు నొక్కులుండె తాతా. అద్దాలు మోసిన నొక్కులు. వాటిని చూసే గీసిన."

"గా ముక్క సారుకు చెప్పకపోయినవ్?"

"చెప్తే అవి గూడ చెరపమంటడు."

"నువ్వు దిద్దకు బిడ్డా. మీ కాలేజీకి నేను రాస్త," అన్నాను. తన ఫోను నంబరు ఇచ్చి, నాది తీసుకుంది.

రాశాను. అందరి కళ అంటే అందరినీ ఎదుట కూర్చోబెట్టి గీయడమా, అందరి చేతికీ పెన్సిలు ఇవ్వడమా అని అడిగాను. మా మగ్గాలు మీకు కావాలి, మా నది కావాలి, మా ముడతలు కావాలి, మా పిల్ల చూపు మాత్రం వద్దా అని అడిగాను. బదులు రాలేదు. ఇంకోటి రాశాను. బదులు రాలేదు. ఫోను చేస్తే పెద్దసారు మీటింగులో ఉన్నారని ఒకామె మెత్తగా చెప్పింది. ఎప్పుడు చేసినా మీటింగే.

చివరికి కాలేజీ నుంచి నాకు వచ్చింది ప్రదర్శన ఆహ్వానం. నా ప్రశ్నకు జవాబు అందులో ఒక్క అక్షరం లేదు. అట్ట మీద కట్టె పట్టుకుని, రుమాలు చుట్టుకుని, చూపు లేని ముసలివాడొకడు ఉన్నాడు. వాడి గడ్డం కింద 'అందరి కళ' అని ఉంది.

చేపలామె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "మామా, చేపలకు చుట్టియ్యనా?"

"ఇయ్యి."

చుట్టబోయి ఆగింది. "నున్నటి కాయితం మామా. నూనె గూడ పీల్చదు. దేనికి పనికొస్తది గిది?"

నేను ప్రదర్శనకు పోలేదు. నా ముఖం లేని చోటికి నేనెందుకు పోవాలి? ఆ పిల్లకు మాత్రం ఫోనులో రాశాను: 'బిడ్డా, నీ బొమ్మ ఏమైంది?' చదివినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు లేదు. దిద్దకని చెప్పినవాణ్ని నేను. కోపం నాది, పరీక్ష ఆ పిల్లది. పూనాలో ఇటుకల మధ్య కూర్చుని బిడ్డ చదువుతోందని చెప్పుకునే తల్లిదండ్రులు వేరే ఉన్నారు. గిరాకీ వచ్చినప్పుడు కూడా ఫోను వైపే చూస్తున్నానని చేపలామె తిట్టింది.

శివరాత్రి జనం పోయాక ఒక మధ్యాహ్నం జవాబు వచ్చింది. అద్దాలు సవరించుకుని చదివాను:

"తాతా, అద్దాలు చెరిపేసిన. రుమాలు చుట్టిన. పాసయిన. తిట్టుకో, పడ్త. గని ముక్కు మీది నొక్కులు చెరపలే. సారు దగ్గరికొచ్చి చూసిండు, మంచిగుంది అన్నడు. అవేందో ఆయనకు తెల్వదు."