రూట్ చేయని నా కొత్త ఫోన్

కొత్త ఫోన్ కొన్న రోజు నేను మొదట చూసింది దాని కెమెరాను కాదు, తెలుగు అక్షరాలను. కోవిల్‌పట్టి బస్టాండ్ ఎదుటి కొట్లో, అమ్మే మనిషి ఇంకా కవరు తొడుగుతుండగానే అడిగి తీసుకుని ఒక తెలుగు పేజీ తెరిచాను. అక్షరాలు వచ్చాయి. ఒక్క వత్తు కూడా విరగలేదు. కానీ అవి నా అక్షరాలు కావు.

దీని గురించి కాస్త చెప్పాలి. మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, చదవం. తమిళనాడులో కోవిల్‌పట్టికీ ఒట్టపిడారానికీ మధ్య నల్లరేగడి ఊళ్లలో మాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అవ్వ తిట్టేదీ, అమ్మ తనలో తాను గొణుక్కునేదీ తెలుగులోనే. గడప దాటితే బడి, బస్సు, రేషన్ కొట్టు అన్నీ తమిళం. తెలుగు చదవడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు, పెదనాన్న కొడుకు వాడి వాడి పక్కన పడేసిన ఫోన్ నాకు వచ్చింది. అందులో తెలుగు పేజీ తెరిస్తే వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఆ డబ్బాల లోపల అవ్వ మాటలు ఉన్నాయని తెలుసు. మూత తీయడమే తెలియదు.

ఆ మూత తీసింది ఆ ఫోన్ ఇచ్చిన అన్నే. ఫోన్‌ను రూట్ చేశాడు. రూట్ చేయడమంటే, కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న తాళం చెవిని మన చేతికి తెచ్చుకోవడం. ఆ తర్వాత ఫోన్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో మన ఇష్టం. అన్న ఎక్కడి నుంచో ఒక తెలుగు అచ్చు, అదే ఫాంట్, తెచ్చి అందులో పెట్టాడు. గుండ్రంగా, కొంచెం లావుగా, మినపగింజలు పరిచినట్టు ఉండే అచ్చు. నేను అ ఆ లు నేర్చుకున్నది అందులోనే. డైరీ రాసేది కూడా ఆ అక్షరాల వంపులను చూసుకుంటూ, దిద్దుతున్నట్టే. మాట్లాడడానికి అమ్మ ఫోన్ ఉండేది. ఆ ఫోన్ చదవడానికి మాత్రమే. నేను చదువుతానని ఇంట్లో అందరికీ తెలుసు, ఏం చదువుతానో ఎవరూ అడగలేదు. అది నాకు నచ్చింది.

కొత్త ఫోన్ అవసరం ఉద్యోగం వల్ల వచ్చింది. విరుదునగర్‌లో ఒక పప్పుల గోడౌన్ ఆఫీసులో, వచ్చిన మూటలూ పోయిన మూటలూ కంప్యూటర్‌లో ఎక్కించే పని. అంతకుముందు ఒక బట్టల కొట్లో చేరి మానేశాను. వచ్చిన వాళ్లను పిలవాలి, చీర విప్పి భుజాన వేసి చూపాలి, పొగడాలి. నోరు పెగిలేది కాదు. ఇక్కడ గోడ పక్కన ఒక కుర్చీ, ముందు ఒక తెర. రోజంతా ఎవరితోనూ మాట్లాడకపోయినా పని బాగా చేసినట్టే లెక్క. ఆ కుర్చీ ఇంకా నాదని ఖాయం కాలేదు. కొన్ని నెలలు చూసి చెబుతామన్నారు.

అంతలో రిజిస్టర్‌లో సంతకాలు తీసేశారు. సోమవారం నుంచి ఎవరి ఫోన్‌లో వాళ్లు గేటు దగ్గర ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. ముఖం పడకపోతే ఆ రోజు రానట్టే. మేనేజర్ శనివారం అందరినీ నిలబెట్టి, తాళం పగలగొట్టిన ఫోన్లలో ఆ హాజరు ఆప్ పని చేయదని కూడా చెప్పాడు. ఆ మాట నన్ను చూసే అన్నాడనిపించింది.

అయినా, ఆ సాయంత్రం కొన్న కొత్త ఫోన్‌ను కూడా రూట్ చేయమని ఆదివారం అన్నకు ఫోన్ చేశాను.

"రూటా? ఇప్పుడు యవురు చేస్తా ఉండారు పాపా?" అని నవ్వాడు. "అప్పుడు ఫోన్‌లో ఏముండె? నాలుగు పాటలు, ఒక పాము ఆట. పోతే పోనీ అని చేస్తిమి. ఇప్పుడు బ్యాంకు దాంట్లోనే, గ్యాస్ దాంట్లోనే, నీ ఆఫీసూ దాంట్లోనే. తాళం పగలగొడితే అన్నీ అలిగి కూర్చుంటాయి."

"ఆఫీసు ఆప్‌కు తెలీకుండా దాచేకి కాదా?"

"దాచొచ్చు. అది దొంగా పోలీసు ఆట. ఈ వారం నువ్వు గెలిస్తే వచ్చే వారం వాడు గెలుస్తాడు. ఏంటికి నీకు ఇదంతా?"

"నాకు నా అక్షరాలు కావల్ల అన్నా."

"కొత్త ఫోన్‌లో తెలుగు రాలేదా?"

"వచ్చింది. పక్కింటోళ్ల అవ్వ మాట్లాడినట్ల ఉండాది."

అన్న కాసేపు నవ్వి, "సరి, వచ్చే ఆదివారం ల్యాప్‌టాప్ తెస్తా. అంతలోపల సెట్టింగ్స్‌లో తాళం తీసేకి అనుమతించే స్విచ్ ఒకటి ఉంటాది, దాన్ని ఆన్ చేసి పెట్టు" అన్నాడు. అది ఎక్కడ దాక్కుంటుందో చెప్పాడు. వెతికి పట్టుకున్నాను. ఆన్ చేస్తే ఈ ఫోన్‌కు రక్షణ ఉండదని హెచ్చరిక వచ్చింది. ఒకటికి రెండుసార్లు చదివి, సరే అని నొక్కాను.

సోమవారం పొద్దున చెప్పులు తొడుక్కుంటుంటే అవ్వ కేకేసింది.

"ఆగే! బొట్టు పెట్టకుండా కొత్త సామాను గడప దాటేదా?"

మా ఇంట్లో ట్రాక్టర్ నుంచి మిక్సీ దాకా గంధం, కుంకుమ పడకుండా ఏదీ పనిలోకి దిగలేదు. "అవ్వా, ఇది ఫోన్" అన్నాను.

"ఫోనైతే ఏమి? దానికి దిష్టి తగలదా?" అని నా చేతిలోంచి లాక్కుని అటూ ఇటూ తిప్పింది. "దీనికి నుదురు యాడుండాదే?"

తెర పైభాగాన, నడిమధ్యన చిన్న నల్లచుక్క ఉంది. ముందు కెమెరా. అది అవ్వ కంట పడింది.

"ఇదో! వాళ్లే చుక్క పెట్టి పంపించినారు చూడు, ఈడ పెట్టండి అని."

గంధం గిన్నెలో వేలు ముంచి సరిగ్గా ఆ చుక్క మీద అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది. లోపలి నుంచి అమ్మ, "చాలు అత్తా, హారతి కూడా ఇస్తే బస్సు పోతాది" అంది.

బస్సులో రోజూ పక్క సీట్లో కూర్చునే ఆమె నా ఫోన్‌నూ నన్నూ మార్చి మార్చి చూసింది. సిగ్గేసింది. చున్నీ కొంగుతో గంధం, కుంకుమ తుడిచేశాను. కోవిల్‌పట్టిలో రైలెక్కి విరుదునగర్ చేరేదాకా ఆ ఫోన్‌ను సంచిలోంచి తీయలేదు.

గేటు దగ్గర వరస కట్టారు. ఒక్కొక్కరూ ఫోన్ ఎత్తి పట్టుకోవడం, టింగుమని మోగడం, లోపలికి పోవడం. నా వంతు వచ్చింది. ఎత్తి పట్టుకున్నాను. మోగలేదు. ధ్రువీకరించలేకపోయాం అని ఎర్ర అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ అదే వాక్యం.

వెనక ఉన్నవాళ్లకు దారి ఇచ్చి గోడవారకు జరిగాను. స్విచ్! నిన్న నేను వేసిన స్విచ్ వీళ్లకు తెలిసిపోయింది. అక్కడే నిలబడి దాన్ని వెతికి ఆఫ్ చేశాను. ఫోన్ ఆపి మళ్లీ వేశాను. అయినా ఎర్ర వాక్యమే. ఒకసారి అనుమతి ఇస్తే ఆ మచ్చ పోదేమో అనుకున్నాను. ఎవరో వచ్చి నా కుర్చీని గోడ దగ్గర నుంచి లాగేస్తున్నట్టే ఉంది. మళ్లీ బట్టల కొట్టు, మళ్లీ భుజాన చీర. ఆ అక్షరాలు లేకపోతే బతకలేనా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అందరూ లోపలికి వెళ్లాక, మా ఆఫీసులో బిల్లులు చూసే అక్క బయటికి వచ్చింది. గొంతు పెద్దది, మనిషి ఇంకా పెద్దది. తమిళంలోనే అడిగింది.

"ఎన్నమ్మా, ఇంకా ఇక్కడే ఉన్నావు? ముగ్గు వేస్తున్నావా?"

"పడడం లేదక్కా" అన్నాను. చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. "నేను నిన్న... ఈ ఫోన్‌ను..."

"ఏం చేశావు, నీళ్లలో వేశావా? ఇలా ఇవ్వు." ఫోన్ తీసుకుని నా ముఖం వైపు పట్టింది. "తల ఎత్తు. నేల మీద ఏం రాసి ఉంది? ఫోన్‌ను చూడు."

అప్పుడు చూశాను. అంతవరకూ తెర మీద ముఖం పడాల్సిన వలయం కింద వచ్చే వాక్యాన్నే చూస్తున్నాను తప్ప వలయం లోపల చూడలేదు. నా ముఖాన్ని అద్దంలోనే తీరిగ్గా చూసుకోను, ఇక పదిమంది ముందు తెర మీద ఎందుకు చూస్తాను? వలయంలో ముఖం లేదు. పచ్చని పొగమంచు, అందులో రెండు నల్లటి మరకలు. అవి నా కళ్లట.

అక్క ఫోన్ తిప్పి కెమెరాను గోటితో గీకింది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"చందనం!"

"అవ్వ బొట్టు పెట్టిందక్కా. బస్సులో తుడిచేశాను."

"తుడిచావా, మెత్తావా?" అక్క నవ్వు గోడౌన్ దాకా వినిపించి ఉంటుంది. "మా అమ్మ నా బండి లైటుకు పెట్టింది. చీకటి పడ్డాక చూస్తే దారంతా ఎర్రగా వెలుగుతోంది. ఈ ముసలమ్మలకు కన్ను కనబడితే చాలు, అందులో పొడిచేస్తారు."

ముంజేతితో కెమెరాను గట్టిగా రుద్ది నా ముఖానికి ఎదురుగా పట్టింది. టింగుమంది.

నేను నవ్వాను. ఆ ఆఫీసులో గట్టిగా నవ్వడం అదే మొదటిసారి. ఆగలేదు కూడా. కుర్చీలో కూర్చుని కందిమూటలు ఎక్కిస్తుంటే వేళ్లు తేలిగ్గా కదిలాయి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచినప్పుడు, అవ్వ మా మిక్సీకి బొట్టు ఎక్కడ పెట్టిందో నేనే అక్కకు చెప్పాను. ఎవరూ అడగకుండానే చెప్పాను.

సాయంత్రం స్టేషన్ నుంచి అన్నకు ఫోన్ చేశాను. "ఆదివారం రావద్దన్నా. స్విచ్ ఆఫ్ చేసేసినా" అని గేటు దగ్గర జరిగిందంతా చెప్పాను.

"ఉత్త స్విచ్ వేస్తే ఫోన్‌కు ఏమీ కాదు పిచ్చీ" అన్నాడు. "నీకు కావల్సింది అచ్చే కదా? పుస్తకం చదివే ఆప్‌లోనే అచ్చు మార్చేకి వీలుండాది. పాత ఫోన్‌లో నుంచి ఆ ఫైల్ తీసి దీంట్లో పెట్టుకో. దానికి రూట్ ఏంటికి?"

"ముందే చెప్పకూడదా?"

"నువ్వు యాడ అడిగితివి? ఫోన్ అంతా మారల్లంటివి."

నిజమే. ఫోన్ మొత్తం నాది కావాలనుకున్నాను. ఇంటికి వెళ్లి పాత ఫోన్‌ను చార్జింగ్ పెట్టి, ఆ ఫైల్‌ను కొత్తదానిలోకి పంపి, సగంలో ఆపిన పుస్తకం తెరిచాను. లావుపాటి గుండ్రటి అక్షరాలు, మినపగింజలు పరిచినట్టు, పేజీ నిండా వచ్చాయి. బ్యాంకు వాళ్ల సందేశాలూ ఆఫీసు వాళ్ల సందేశాలూ పక్కింటి అవ్వలాగే మాట్లాడతాయి. మాట్లాడుకోనీ. పక్కింటి అవ్వతో కూడా మనకు పని ఉంటుంది కదా. తాళం చెవి కంపెనీ దగ్గరే ఉంది. చదువుకునే గది మాత్రం నాది. కొత్త ఫోన్‌ను రూట్ చేయడం దండగా అని ఎవరైనా అడిగితే, వాళ్ల సంగతి నాకు తెలియదు. నాకు అవసరం లేకపోయింది. ఆ మాట డైరీలో రాసుకుంటుంటే భుజాల మీది మూట ఎవరో దించినట్టయింది.

మరునాడు పొద్దున అవ్వ మళ్లీ గంధం గిన్నెతో గడపలో నిలబడింది. నిన్నటి బొట్టు ఏమైందని అడిగింది.

"నువ్వు దాని కంట్లో పెడితివి అవ్వా. ఆఫీసులో నా మొగమే తెలీలేదు దానికి."

"అయ్యో, కన్నా అది? చెప్పకూడదా!" అని నాలిక కరుచుకుంది. "మరి నుదురు యాడ?"

ఫోన్ వెనక్కి తిప్పి, కవరు అడుగున కెమెరాలకు దూరంగా చోటు చూపించాను. "ఈడ."

"వీపు మీద నుదురా! నీ సామాను కూడా నీ మాదిరే, మొగం దాచుకుంటాది" అంటూ అక్కడ బొట్టు పెట్టింది.

బస్సులో పక్క సీటు ఆమె మళ్లీ చూసింది. చూస్తే చూడనీ అని పుస్తకం తెరిచాను.