ఎడమవైపు బాబాయి

మునిసిపాలిటీ ఆఫీసు గుమ్మం పక్కన గాజు కిటికీ వెనక కూర్చునే గుమాస్తాను ఊరంతా 'ఎడమవైపు బాబాయి' అంటుంది. అనక ఏం చేస్తుంది? ముప్ఫై ఏళ్ళుగా ఆ కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న, దీవికి ఎలా వెళ్ళాలని. బాబాయి తలెత్తకుండా ఎడమచెయ్యి చాపి, ఎడమవైపు తిరిగి నేరుగా వెళితే రేవు, పదింటికి లాంచీ అని చెప్పేవాడు. ఇంట్లో భార్య ఉప్పుడబ్బా ఏదని అడిగినా ఆ చెయ్యే లేచేది.

అలాగని దీవి మీద ప్రేమా దోమా ఏమీ లేదు. దాని పేరెత్తితేనే ఒళ్ళుమంట. వచ్చినవాళ్ళు రైలు దిగి రేవుకి పరుగెత్తడమే తప్ప ఊరి మొహం చూసిన పాపాన పోలేదు. ఆ కోపంతోనే బాబాయి ఇన్నేళ్ళలో దీవిలో కాలు పెట్టలేదు. అక్కడి కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడాది పర్యాటక శాఖ కొత్త పుస్తకం వేస్తామంది. ఛైర్మన్ గారు కాళ్ళావేళ్ళా పడితే, ఒక అధికారిణి వచ్చి ఊరు చూస్తుందనీ, నచ్చితే ఊరికి ఒక పేజీ ఇస్తామనీ కబురొచ్చింది. నచ్చకపోతే ఎప్పటిలాగే దీవి పేజీ అడుగున 'లాంచీ ఇక్కడ ఎక్కవలెను' అన్న ఒక్క ముక్క. బాబాయికి నిద్ర పట్టలేదు. నెల్లాళ్ళు కూర్చుని పన్నెండు కాగితాలు రాశాడు. చేపల వేలం, తాళ్ళు పేనే వీధి, ఎప్పుడూ పావుగంట వెనక నడిచే రేవు గడియారం, అన్నీ ఎక్కించాడు. గడియారం సంగతి తీసేస్తే పరువు దక్కుతుందని భార్య అంది. వింటేగా!

ఆ రోజు పొద్దున బాబాయి పదమూడో కాగితంలో మునిగి ఉన్నాడు. కిటికీ దగ్గర ఎవరో ఆవిడ, మీ ఊరు చూడటానికి వచ్చానండీ అంది. చెయ్యి దానంతటదే లేచింది. ఎడమవైపు, నేరుగా, పదింటికి లాంచీ. ఊరు చూపించడం అక్కడే మొదలుపెడతారు కాబోలనుకుని ఆవిడ వెళ్ళి లాంచీ ఎక్కేసింది.

పదిన్నరకు ఛైర్మన్ గారు కొత్త చొక్కాలో బయటికొచ్చి, అధికారిణి ఇంకా రాలేదేమని అడిగారు. పొద్దున కిటికీ దగ్గరికొచ్చిన ఆవిడెవరో బాబాయికి అప్పుడు వెలిగింది. పుట్టి మునిగింది.

పదకొండింటి లాంచీలో, కాగితాలు గుండెకి అదుముకుని, బాబాయి దీవికి బయల్దేరాడు. దారిలో ఒక్క అల ఎగిరిపడి కాగితాలన్నిటినీ ముద్ద చేసింది. ఇక ఏడుపొక్కటే తక్కువ. అధికారిణి దీవి రేవు పక్కన హోటల్లో టీ తాగుతూ కనిపించింది.

"అమ్మా, తప్పు నాదే. మా ఊరు చూడ్డానికొచ్చిన మిమ్మల్ని నేనే ఇటు తోలేశాను," అని ఆ ముద్ద ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ నోరు తెరిచేలోపే వంటగదిలోంచి బాబాయి బావమరిది గరిటెతో బయటికొచ్చాడు. "బావా! నువ్వా? ఇక్కడా?" అన్నాడు.

ఆ కేకకి దుప్పట్లు మోసే పక్కింటి పిన్ని వచ్చింది. తోట తడిపే ఎదురింటాయన వచ్చాడు. గదులు ఊడ్చేవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు వచ్చి చుట్టూ మూగారు. అందరూ ఊరివాళ్ళే, పొద్దున ఆరింటి లాంచీకి వచ్చి సాయంత్రం లాంచీకి ఇల్లు చేరేవాళ్ళే. అక్కడి రొట్టె, నీళ్ళు, ఉతికిన దుప్పట్లు కూడా ఊరినుంచి వచ్చేవే. బాబాయికి కోపం ముందు ఇవేవీ చెవికెక్కలేదు, అంతే.

"మరి ఈ దీవివాళ్ళెవరు?" అని అధికారిణి అడిగింది.

బావమరిది గరిటెతో తల గోక్కున్నాడు.

"పీతలండీ," అన్నాడు.

సాయంత్రం ఆవిడ వాళ్ళందరితో కలిసి లాంచీలో వెనక్కి వచ్చి, చీకటి పడేదాకా బాబాయి వెంట వీధులన్నీ తిరిగింది. పుస్తకంలో ఊరికి నిండు పేజీ వచ్చింది. 'రోజూ పొద్దున్నే దీవిని తెరిచి, సాయంత్రం మూసి ఇంటికొచ్చే ఊరు' అని మొదలైంది. గడియారం కూడా ఉంది. ఆ పేజీ చూపించి బాబాయి భార్యని వారం రోజులు సాధించాడు.

నెల తర్వాత ఒక జంట ఆ పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి, ఈ ఊరెక్కడండీ అని అడిగారు. బాబాయి ఎడమచెయ్యి లేచింది. సగంలో ఆగింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి తలెత్తి చూశాడు.

"ఇదేనండీ," అన్నాడు.

కిటికీ మూసి, వాళ్ళతో గుమ్మం దిగి, కుడివైపు తిరిగాడు.