బొల్లడికి మొదటి తాంబూలం

చిన్నత్తాయి పొయ్యి మీదినుంచి దించిన సజ్జ సంగటిలో మొదటి ముద్ద ఏ పొద్దూ మనిషి నోటికి పోలేదు. అది బొల్లడిది. ఆమె ముద్దను అరచేతిలో చల్లార్చి "దా" అంటే వచ్చి తినేవాడు. మరొకరి చేతిది ముట్టేవాడు కాదు. ఊళ్లో ఆడవాళ్లకు ఆ సంగతి తెలుసు గనుక మజ్జిగో, వెన్నో, పండగనాడు మాంసం ముక్కో తెచ్చి ఆమె గిన్నెలోనే వేసి పోయేవారు.

బొల్లడు ఎర్రమనాయనిపాళ్యం దొర ఆండియప్ప నాయక్కరు పెంచిన వేటకుక్క. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి మూతి, నుదుట తెల్ల మచ్చ. దొర ఇప్పుడు ఊళ్లో లేడు. సుల్తాను పడిపోయి కోయంబత్తూరు సీమ కంపెనీ చేతికి వచ్చిన మూడో ఏడు అది. పాళ్యగాళ్లంతా కత్తులు, తుపాకులు అప్పగించాలని దండోరా వేశారు. ఆండియప్ప నాయక్కరు అప్పగించలేదు. నలుగురు మనుషులతో కొండలెక్కాడు. పొల్లాచ్చికి దక్షిణాన అడుగుపెడితే అన్నీ కొండలే. కుక్క మొరిగితే జాడ తెలుస్తుందని బొల్లడిని ఊళ్లోనే వదిలి పోయాడు. ఆ నలుగురిలో ఒకడు చిన్నత్తాయి ఒక్కగానొక్క కొడుకు అప్పసామి. దొర దొరికితే దొరకు ఉరి. పక్కన దొరికినవాడికీ అదే.

దొర పేరు పైకి అంటే చావడి దగ్గరున్న సిపాయిలు పట్టుకుపోయేవారు. అందుకని జనం కుక్కతో మాట్లాడారు. పొద్దున్నే వాడు వీధి చివరినుంచి ప్రతి గడప దగ్గరా ఆగుతూ వచ్చేవాడు. ముసలివాళ్లు లేచి నిలబడేవారు. పసిబిడ్డకు జ్వరమొస్తే తల్లి వాడి వీపు మీద బిడ్డ చెయ్యి వేయించి తీసుకుపోయేది. కంపెనీ అమీను కుప్పుస్వామి దొర ఇల్లు జప్తు చేసినప్పుడు, దొర కుక్కలేవని అడిగితే, అన్నీ చచ్చాయని ఊరంతా ఒకే మాట చెప్పింది. వీధిలో తిరిగే కుక్కను ఆయన పట్టించుకోలేదు.

ఆషాఢంలో, వాళ్ల ఆడి నెలలో, బొల్లడు కనిపించకుండా పోయి, కొన్నాళ్లకు కుంటుతూ తిరిగొచ్చాడు. ముందుకాలికి పసరాకు మందు వేసి గుడ్డపేలికతో కట్టి ఉంది. ఆ ముడి చూడగానే చిన్నత్తాయికి తెలిసింది. అప్పసామి ఎడమచేతివాటం మనిషి, ముడి ఎప్పుడూ తిరగేసి వేసేవాడు. వీడికి దారి తెలుసన్నమాట. ఆమె గుడ్డ విప్పి పొయ్యిలో వేసింది. అప్పటినుంచి సాయంత్రమైతే వాణ్ణి తాడుతో కట్టేసేది. కానీ ఆ సంగతి ఒక్క మనిషికి చెప్పింది, పక్కింటి పొన్నమ్మాళ్‌కు. కొడుకు బతికున్నాడని ఎవరితోనైనా చెప్పకుండా ఉండలేకపోయింది.

కార్తీకంలో ఊరిపెద్ద చెన్నకేశవన్ ఇంటి పిల్ల పెళ్లి. వాళ్ల కంబళత్తు కులంలో పెళ్లి ఇంట్లో జరగదు. పచ్చి కొమ్మలతో వాకిట కట్టిన గుడిసెలో జరుగుతుంది. తాళి కట్టే ముందు మొదటి తాంబూలం పాళ్యం దొరకు అందాలి. దొర రాలేకపోతే ఆయన కత్తిని పీట మీద పెట్టి దానికి ఇస్తారు. తాతల నాటి నుంచీ అంతే. జనం గుమిగూడిన చోట ఆయుధాలు ఉంటాయేమోనని అమీను కుప్పుస్వామి కూడా ఆ రోజు వచ్చాడు. కోయంబత్తూరు పేటలో గుడ్డల వ్యాపారం చేసే తెలుగు ఇంట పుట్టినవాడు. అరుగు మీద కూర్చోబెట్టి తమలపాకులిచ్చారు. నములుతూ చూస్తున్నాడు.

పీట వేశారు. దాని మీద పెట్టడానికేమీ లేదు.

"కత్తి కంపెనీ కచ్చేరిలో ఉండాది, ఇల్లు జప్తు చేసిననాడే ఎత్తకపోయిరి. ఇప్పుడు తాంబూలం యాడ పెట్టేది మామా?" అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

"దొరది ఊర్లో ఇంకేముండాది?" అన్నాడు చెన్నకేశవన్.

"బొల్లడుండాడు గదా," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

నవ్వారు. చెన్నకేశవన్ నవ్వలేదు. ముహూర్తం దాటిపోతోంది. కత్తి ఇనుము, దొర దాన్ని నడుముకు కట్టుకున్నాడు గనుక అది దొర అయింది. కుక్క కూడా దొర వెంటే నడిచింది. ఆయన లెక్క అంతే. "పిలువమ్మా వాణ్ణి," అన్నాడు చిన్నత్తాయితో.

ఆమె పిలిచింది. తర్వాత చాలాసార్లు తలుచుకుని తనను తాను తిట్టుకున్నది ఆ పిలుపుకే. కానీ ఆ పూట ఆమెకు భయం గుర్తు లేదు. కొడుకు కొలిచే దొరే వాకిట్లోకి వచ్చినట్టు అనిపించింది. బొల్లడు పీట మీద కూర్చున్నాడు. చెన్నకేశవన్ మెడలో మాల వేసి, తాంబూలం ముందు పెట్టి, చేతులు జోడించాడు. వాకిలంతా చేతులు జోడించింది. ఒకరిద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

పొన్నమ్మాళ్ ఊరుకునే మనిషి కాదు. మురిసిపోతూ వంగి వాడి చెవి పట్టుకుంది. "ఏమి బొల్లా, ఆడిలో పోయి చూసొచ్చినావే, మళ్లా పోతే చెప్పు దొరసామికి, మొదటి తాంబూలం నాకే ఇచ్చిరని."

మేళం ఆగలేదు గానీ వాకిట్లో మాట ఆగింది. అరుగు మీద కుప్పుస్వామి నోట్లోది ఉమ్మి, మెల్లగా లేచి వచ్చాడు. కోపం లేదు. బంధువుల ఇంట్లో అడిగినట్టు అడిగాడు.

"యాడ చూసొచ్చిందమ్మా?"

పొన్నమ్మాళ్ కుక్క చెవి వదిలేసి గుంపులోకి తప్పుకుంది.

"చచ్చిపోయిందంటిరే ఈ కుక్క. మాల బాగుండాది." హవల్దారు వైపు తిరిగి తమిళంలో ఏదో చెప్పాడు. తాళి కట్టడం అయ్యేదాకా ఆగారు, అది ఆయన మర్యాద. ఆ తర్వాత బొల్లడిని మాలతోనే చావడికి తీసుకుపోయి గుంజకు కట్టేశారు. రేపు పొద్దున కుక్క వెంట కొండకు పోతున్నామని, కుక్కకు ఏమైనా జరిగితే ఊరిపెద్ద తల పోతుందని అందరూ వినేలా చెప్పి పోయాడు అమీను.

పొద్దు వాలేసరికి చెన్నకేశవన్, పొన్నమ్మాళ్ చిన్నత్తాయి వాకిట్లో ఉన్నారు. కొండకు మనిషిని పంపే వీలు లేదు. ఊరి రెండు దారులలోనూ సిపాయిలు కాపు కాశారు.

"నా నోట మన్నుపడా," అంది పొన్నమ్మాళ్. అప్పటికి పదిసార్లు అని ఉంటుంది. "అక్కా, మా ఇంట్లో ముషిణి గింజలుండాయి, నక్కలకు పెట్టే విషం. నీ చేతితో పెడితే తింటాడు."

"అది కూడదు," అన్నాడు చెన్నకేశవన్.

"నీ తలకు భయమా మామా?" అంది పొన్నమ్మాళ్.

"నా తల పోతే పోనీ. వాడు తాంబూలం తీసుకున్నాడు."

"కుక్క మామా అది."

"పొద్దున కుక్క. ఇప్పుడు దొర తావులో కూర్చున్నవాడు. వాని ఎదుట ఆ బిడ్డ మెడలో తాళి పడింది. వాని చంపితే ఆ తాళి నిలిచేదెట్ల? రేపు ఆ పిల్లను ఏ ఇంటి ఆడది అని పిలిచేది?"

అది వాళ్లకు తిరుగులేని మాట. చిన్నత్తాయి పొయ్యి వైపు తిరిగి ఉంది. అలాగే అడిగింది.

"మీ పిల్ల మెడలో తాళి నిలవాల. నా కొడుకు మెడ సంగతేమి పెద్దాయనా?"

చెన్నకేశవన్ తుండుగుడ్డ భుజాన వేసుకున్నాడు. "ఏదైనా చెయ్యి తల్లీ. చంపొద్దు. అంతే నేను చెప్పగలిగేది," అని లేచి పోయాడు.

చిన్నత్తాయి సంగటి కెలికింది. దాంట్లో ఏమీ కలపలేదు. ఒక ముద్ద టేకాకులో చుట్టి కొంగులో మూటగట్టుకుంది.

మరునాడు పొద్దు పొడవకముందే ఆమెను పిలిపించారు. రాత్రంతా పస్తుంచినా బొల్లడు హవల్దారు తాడు పట్టుకుంటే పళ్లు చూపాడు. ఆమె పట్టుకుంటే నడిచాడు. అమీను, హవల్దారు, పన్నెండు మంది ఎర్రకోటు సిపాయిలు వెంట బయల్దేరారు.

కానీ వీధి దాటడమే కష్టమైంది. బొల్లడు రోజూలాగే ప్రతి గడప దగ్గరా ఆగాడు. ఆడవాళ్లు అలవాటుగా బయటికొచ్చి, సిపాయిలను చూసి గుమ్మంలోనే నిలబడిపోయారు. ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. హవల్దారు తమిళంలో అమ్మ నా బూతులు తిట్టాడు. పొన్నమ్మాళ్ తలుపు మూసుకుంది. బొల్లడు ఆ తలుపును కాలితో గీకాడు.

"ఊరంతా చుట్టాలేనే దీనికి," అన్నాడు కుప్పుస్వామి.

"మీకు లేరా సామీ చుట్టాలు?" అంది చిన్నత్తాయి.

"ఉండారు. ఇంత మంది లేరు."

చేలు దాటి వాగు దాటాక బొల్లడి నడక మారింది. ముక్కు నేలకు ఆనింది. తాడు బిగుసుకుంది. కుంటికాలు మరిచిపోయినట్టు ముందుకు లాగసాగాడు. ఎడమకు తిరిగి వెదురు పొదల పక్కనుంచి ఎక్కడం మొదలుపెట్టాడు. చిన్నత్తాయికి ఆ దారి తెలుసు. పైన ఊట పక్కన రాతి గుహ ఉంది. దొర వేటకు వెళ్లిన రోజుల్లో అక్కడే బస. మధ్యాహ్నంలోపే చేరిపోతారు.

వేట రోజుల్లో కుక్కలకు ముందు తిండి పెట్టేవారు కాదు. వేట ముగిశాక అడవి అంచున చిన్నత్తాయి కుండతో నిలబడి ఒక్కోదానికి ముద్ద పెట్టి "సరి, ఇంటికి" అనేది. ఆ ముద్ద తిన్న కుక్క ఇక అడవి వైపు చూడదు. తోక ఊపుకుంటూ ఊరి దారి పట్టేది. ఏ ఏటికాయేడు అలా నేర్పిందే. అయితే అది దొర వెంట వెళ్లిన వేట. ఇప్పుడు వాడు పోతున్నది దొర దగ్గరికే. ముద్దకు ఆగుతాడో లేదో ఆమెకు తెలియదు.

వెదుర్లు దాటి బయలు వాలులోకి రాగానే ఆమె కూలబడింది. పైనుంచి చూస్తే దాపు లేని చోటు అది.

"లే," అన్నాడు హవల్దారు.

"కడుపు మండుతుండాది సామీ. ఒక్క ముద్ద తిని వస్తాను."

కొంగు విప్పగానే బొల్లడు తిరిగాడు. హవల్దారు ఆకుమూట లాక్కుని అమీనుకు ఇచ్చాడు. కుప్పుస్వామి వాసన చూశాడు. ఆయన మొహం మొదటిసారి గట్టిపడింది.

"ముషిణి నూరినావా, గన్నేరా?"

"ఏమీ లేదు సామీ."

"తిను."

ఆమె తినింది. తొందర పడలేదు. మధ్యలో నీళ్లడిగి తాగింది. సగం తిన్నాక ఆగింది. కుప్పుస్వామి ఆమె ఎదురుగా బండ మీద కూర్చుని ఆమె చేతులు వణుకుతాయేమో, నురగ వస్తుందేమో చూశాడు. సిపాయిలు వాలంతా చెల్లాచెదురుగా నిలబడ్డారు, ఎండలో ఎర్రగా. చాలాసేపు గడిచింది. ఆమెకు కావలసిందీ అదే.

"మిగిలిందీ నువ్వే తింటావా?" అన్నాడు చివరికి.

"నిన్నటినుంచి వాడు ఒట్టికడుపు సామీ. కాలు కుంటు. కొండెక్కేది వాడు, నేను గాదు."

కుక్క నాలుక వేలాడేసి రొప్పుతోంది. కుప్పుస్వామి ఆలోచించాడు. కుక్క సగం దారిలో పడిపోతే ఆయన కష్టమంతా పోతుంది. "పెట్టు," అన్నాడు.

ఆమె చెయ్యి చాచింది. బొల్లడు తిన్నాడు, అరచెయ్యి నాకాడు. ఆమె వాడి నుదుటి మీద చెయ్యి తుడిచి, ఎప్పుడూ అనేంత గొంతుతోనే అంది.

"సరి, ఇంటికి."

వాడు కొండ వైపు చూశాడు. చెవులు నిక్కాయి, ముక్కుపుటాలు అదిరాయి. అలా ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత తోక ఊపి, వెనక్కి తిరిగి, ఊరి దారి పట్టాడు.

హవల్దారు తాడు లాక్కున్నాడు. కుక్క నేల మీద బోర్లా పడుకుంది. ఈడ్చారు, కొట్టారు. లేచిన ప్రతిసారీ కిందికే తిరిగింది. కుప్పుస్వామికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఏం చేసినావు?"

"సంగటి పెట్టినాను."

"అంతేనా?"

"అంతే. మీరే పెట్టమంటిరి."

ఆయన ఆమెను కొట్టలేదు. తల ఎత్తి పైన ఎండలో మెరుస్తున్న రాళ్లను, తర్వాత వాలు మీద చెల్లాచెదురుగా ఉన్న తన సిపాయిలను చూశాడు. పైనున్నవాళ్లు ఇప్పటికే వాళ్లను చూసి ఉంటారని అప్పుడు తోచింది.

మరునాడు ఆమెను చావడిలో పెట్టి తాళం వేసి, బొల్లడి మూతికి తోలుపట్టీ కట్టి, ఇద్దరు సిపాయిలు తాడు పట్టుకుని తీసుకుపోయారు. కడుపు కాలుతున్న కుక్క ఈసారి తిన్నగా గుహకే పోయింది. కుప్పుస్వామి పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాడు. బూడిద చల్లగా ఉంది. మనుషులు లేరు. కొండ అవతల మలయాళ దేశం వైపు దిగిన జాడలు రాళ్లలో పోయాయి.

చిన్నత్తాయిని పొల్లాచ్చి ఠాణాకు తోలుకుపోయారు. కుక్కనూ తీసుకుపోయారు, మళ్లీ అవసరపడుతుందని. సంత రోజున నాలుగు ఊళ్ల జనం ఠాణా గోడ దగ్గర మూగి, లోపలికి సజ్జ పిండి మూటలు విసిరేవారు. ఆమె చేతి ముద్ద తప్ప కుక్క ముట్టదు. అందుకని రోజూ పొద్దున ఖైదు కొట్టు తలుపు తీసి, ఆమె చేత సంగటి వండించి పెట్టించి, మళ్లీ మూసేవారు. అమీను కుక్కను ఇంకో మూడుసార్లు కొండకు తీసుకుపోయాడు. ఎవరూ దొరకలేదు. చిన్నత్తాయిని పద్నాలుగు నెలలు ఉంచారు.