మ్యాటు రెండో కొస

మొన్న శుక్రవారం ఉదయం ఐదూ నలభైకి కింది ఫ్లాటు ఆవిడ గుమ్మం ముందరి కొబ్బరిపీచు పట్టా మీద నీళ్ళు చల్లి, గోడకేసి దులిపింది. తడిసిన పీచు వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. నేను ఒమాన్‌లో, సీబ్‌లోని మా వంటగది కిటికీ దగ్గర టీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. సముద్రపు తేమ ఇంకా విడలేదు. ఎదుటి ఇళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. ఆ వాసన ఉన్నంతసేపూ వీరభద్రం గారు పోయారన్న సంగతి నాకు గుర్తు రాలేదు. ఆయన ఈ వేసవిలోనే కాకినాడలో కన్నుమూశారు.

ఇక్కడే ఘాలాలో మా కంపెనీకి ఆయన ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు. నేను అక్కడే స్పేర్ పార్టుల స్టోర్‌లో పనిచేసేవాణ్ణి. కంపెనీ క్రికెట్ జట్టును ఎంపిక చేసేది కూడా ఆయనే. శుక్రవారాలు పొద్దున్నే గోడౌన్ల వెనక గులకరాళ్ళ మైదానంలో, సిమెంటు పిచ్ మీద కొబ్బరిపీచు మ్యాటు పరిచి ఆడేవాళ్ళం. ఇద్దరు చెరో కొసా పట్టి బిగువుగా లాగి ఉంచితే మిగతావాళ్ళు అంచుల్లో మేకులు కొట్టాలి. చిన్న మడత మిగిలినా బంతి మొహం మీదికి లేస్తుంది.

ఒక ఏడు లీగులో కొత్త నియమం వచ్చింది. సెమీఫైనల్ నుంచి ప్రతి జట్టులో ఇద్దరు ఒమానీలు ఆడి తీరాలి. మాకు ఒక్కడే ఉండేవాడు, వికెట్ కీపరు. సెమీఫైనల్ నాటికి వర్క్‌షాప్‌లో కొత్తగా చేరిన సలీం రెండోవాడయ్యాడు. అతని కోసం తీసేసింది నన్ను. ఆ సీజనంతా మొదటి ఓవర్ వేసింది నేనే. మ్యాచ్ ముందురోజు మధ్యాహ్నం వీరభద్రం గారి గదికి వెళ్ళాను.

"ఆటల గూడ పాస్‌పోర్టు చూస్తరా సార్?"

"మనం ఈ దేశంలో ఉన్నదే పాస్‌పోర్టు చూపించి గదయ్యా," అన్నారు తల ఎత్తకుండానే.

"నేను మంచిగ ఆడుతలేనా?"

"అతనికన్నా బాగానే ఆడుతున్నావు."

"మరి నాకు అన్యాయం జరిగినట్టా, కాదా? అది జెప్పున్రి."

ఆయన పెన్ను కింద పెట్టారు. "జరిగింది. కాదని అబద్ధం చెప్పను. అతను పుట్టిన ఊళ్ళో జట్లన్నీ బయటినుంచొచ్చిన మనతోనే నిండిపోయి, అతని చేతికి ఎవడూ బంతి ఇవ్వలేదు. అదీ జరిగింది. ఏది పెద్దదో తూచడం నా వల్ల కాదు. రేపు పొద్దున్నే వచ్చేయ్, మ్యాటు పరవాలి."

ఆయనదొక పద్ధతి. చోటు పోయినవాడూ, ఆ చోట్లోకి వచ్చినవాడూ, ఆ ఇద్దరే మ్యాటు కొసలు పట్టుకోవాలి.

మర్నాడు మంచులాంటి తేమలో సలీం అవతలి కొసన తెల్లటి మసకలా నిలబడ్డాడు. మొహం కనిపించలేదు. అతను లాగితే ఆ బలం మాత్రం నా వేళ్ళకి తెలిసేది. కసిగా లాగాను. తూలాడు. నిలదొక్కుకుని అంతే గట్టిగా లాగాడు.

"భాయ్, మైనే నహీ మాంగా," అన్నాడు. నీ చోటు నేను అడగలేదని.

"మాలూమ్," అన్నాను, తెలుసని.

"తో ధీరే ఖీంచో యార్, మెల్లగా లాగు. ఈ చేత్తోనే బౌలింగ్ చెయ్యాలి."

మేకులు కొడుతున్న మా కెప్టెన్ జావేద్ పగలబడి నవ్వాడు. "నీకు బౌలింగ్ ఎవడిస్తాడ్రా?" అన్నాడు హిందీలో. సలీం మ్యాటు వదల్లేదు.

అన్నట్టే జావేద్ అతన్ని బౌండరీ దగ్గర నిలబెట్టి మరచిపోయాడు. మంచినీళ్ళ విరామంలో వీరభద్రం గారు గొడుగు మడిచి మైదానం మధ్యకి నడిచారు.

"పదకొండు మందిని దింపి పదిమందితో ఆడతావా? ఇతనికి బంతి ఇయ్యి."

"సార్, సెమీఫైనల్ ఇది!"

"అందుకే ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ఇతన్ని తెచ్చాను. ఇద్దర్నీ వృథా చేయకు."

సలీం ఓవర్లో మూడు ఫోర్లు వెళ్ళాయి. ఓడిపోయాం. నేను వేసి ఉంటే గెలిచేవాళ్ళమేమోనని ఈనాటికీ అనుకుంటాను. బస్సులో జావేద్, "మీ దయవల్ల ఇక శుక్రవారాలు నిద్రపోవచ్చు సార్," అన్నాడు. ఆయన, "పడుకో నాయనా, నా వల్లే," అని టిఫిన్ డబ్బా తెరిచి పెసరట్లు నాకూ సలీంకీ పంచారు. తన కోసం ఏమీ ఉంచుకోలేదు.

కొన్నేళ్ళకి అలాంటి నియమమే ఆయన కుర్చీ దాకా వచ్చింది. మేనేజరుగా ఒమానీయే ఉండాలన్నారు. వెళ్ళేముందు నెలరోజులు ఆయన కొత్త మనిషిని సైట్లన్నీ తిప్పారు. ఫోన్లు అతన్నే ఎత్తనిచ్చారు.

"కోపం రాలేదా సార్?" అని అడిగాను.

"రాకేం? ఇంటికెళ్ళి మా ఆవిడ మీద అరిచాను, పాపం. ఇతనేం చేశాడయ్యా?"

ఆ నియమం న్యాయమో కాదో నేను ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు స్టోర్ నా చేతిలో ఉంది. కోటాలో వచ్చినవాళ్ళకి ఖాళీ కుర్చీ చూపించను. మొదటిరోజే తాళాలు ఇస్తాను. కొందరు నిలదొక్కుకున్నారు, కొందరు మానేశారు. ఆయన పోయిన వార్త నాకు చెప్పింది సలీమే. "మ్యాటు సార్ గయే," అన్నాడు ఫోన్లో.

ఆ మైదానంలో పిచ్ మీద ఇప్పుడు ప్లాస్టిక్ గడ్డి అతికించారు. మ్యాటు ఎవరూ పరవడం లేదు.