పడుగు కోసం కాకినాడ ప్రయాణం

1983 ఫిబ్రవరిలో మేము చేసిన ఈ ప్రయాణానికి మూలం ఒక అబద్ధం. రాచపుండు అంటుకుంటుందట! మా రత్నం పిన్నికి రొమ్ము క్యాన్సర్ అని తెలిసిన నాటి నుంచి బండారులంకలో ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. స్నానం చేస్తుండగా చేతికి తగిలిన రేగిగింజంత గడ్డను, నొప్పి లేదు కదా అని దాచుకోకుండా పిన్ని వెంటనే నాతో చెప్పింది. ముక్క పరీక్షలో జబ్బు బయటపడింది. కాకినాడలో ఆపరేషను, విశాఖపట్నంలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించడం పూర్తయి ఏడాది గడిచింది. బిగుసుకుపోయిన కుడిచేతిని, రోజూ గోడమీద వేళ్లు పైపైకి పాకించి, తిరిగి తలపైకి లేపగలిగింది. మగ్గంమీద పేకనూలు మోసే నాడెను అటూ ఇటూ ఆడించే తాడు లాగడానికి ఆ చెయ్యే ఆధారం. చెయ్యి తిరిగి వచ్చింది, మగ్గానికి ఎక్కించే నిలువుపోగుల పడుగు మాత్రం రాలేదు. నూలు ఇచ్చి చీరలు నేయించుకునే షావుకారు నరసయ్యగారు, "పెళ్లిచీరలమ్మా, కొనేవోళ్లకి పట్టింపులుంటాయి" అంటూ ఆమె మగ్గాన్ని ఖాళీగా ఉంచేశారు.

అమలాపురం కాలేజీలో వాదించి నన్ను గెలిచినవారు తక్కువ. నరసయ్యగారిని మాత్రం నేను గెలవలేకపోయాను, ఎందుకంటే ఆయన వాదించరు. నేను చెప్పినదంతా విని, "ఆయ్" అని తల ఊపి, తాను చేయదలచుకున్నదే చేస్తారు. అందుచేత ఈసారి వాదం మానేసి సవాలు విసిరాను. "పిన్నిని ఏడాది పరీక్షకు తీసుకువెళ్తున్నాను. మీరూ రండి. అంటుతుందో లేదో మీ నోటితోనే డాక్టరుగారిని అడగండి." కాకినాడలో నూలు పని ఉందని తనకు తానే ఒక సాకు చెప్పుకొని ఆయన బయలుదేరారు.

అమలాపురంలో తెల్లవారే మొదటి బస్సు ఎక్కితే ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక రేవుకు ఎండ ముదరకముందే చేరవచ్చు. రావులపాలెం, జొన్నాడ, రామచంద్రపురం మీదుగా చుట్టుదారి కూడా ఉంది కాని, ఆసుపత్రిలో చీటీలు ఇచ్చే వేళకు అది అందదు. బస్సులో షావుకారుగారు మాకు దూరంగా ముందు సీటులో కూర్చున్నారు. రేవులో లాంచీ కోసం ఆగినప్పుడు పిన్ని పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి ఉడికించి తెచ్చిన పొట్టిక్కలు విప్పి ఆయనకు అందించింది.

"వద్దమ్మా, ఏకాదశి" అన్నారు నరసయ్యగారు.

"ఏకాదశి నిన్న కదండీ?"

"ఇవాళా ఉంటానమ్మా."

పిన్ని నవ్వుకుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. గౌతమి దాటించడానికి లాంచీవాడు మనిషికి ముప్పావలా తీసుకున్నాడు. యానాం ఒడ్డున ఎక్కిన బస్సు గంటకు పైగా నడిచి మమ్మల్ని కాకినాడలో దించింది.

డాక్టరమ్మగారు పిన్నిని లోపల పరీక్షించి, బయటికి వచ్చాక చెయ్యి ఎత్తమన్నారు. పిన్ని గుమ్మం పైకమ్మీని అరచేత్తో తాకింది. "ఇప్పటికి జబ్బు ఛాయ ఎక్కడా లేదు. పూర్తిగా పోయిందని ఇప్పుడే చెప్పను, ఆరునెలలకోసారి రావాలి. ఆ చేతికి సూదులు వేయించుకోవద్దు, దెబ్బ తగలనివ్వద్దు, బరువులెత్తద్దు. మగ్గం నేయచ్చు, మొదట పూటకి కాసేపు" అన్నారామె.

నేను షావుకారుగారి వైపు చూశాను. ఆయన ఉత్తరీయం సర్దుకొని, నేలచూపులు చూస్తూ అడిగారు. "అదేనండీ... ఈ జబ్బు చేతిలోంచి నూలులోకీ, నూలులోంచి కట్టుకున్నోళ్లకీ..."

డాక్టరమ్మగారు నవ్వలేదు. "రాదండీ. ఒక్క కంచంలో తిన్నా రాదు, ఒక్క మంచంమీద పడుకున్నా రాదు. ఒంట్లో ఉన్న కణాలే అదుపు తప్పి పెరగడం ఈ జబ్బు. ఇంకొకరికి అంటదు."

పక్కన నిలబడిన నర్సు, రాజోలు మనిషి, అంతదాకా మా మాటలు వింటూనే ఉంది. "ఈవిడ నేసిన చీరలు ఏ కొట్లో దొరుకుతాయండీ? మా చెల్లి పెళ్లుంది" అంది.

"మా కొట్లోనేనండీ" అన్నారు నరసయ్యగారు, ఆలోచన కంటే ముందు నోరు కదిలి.

"నా మగ్గంమీద పడుగు లేదు కదండీ" అంది పిన్ని మెల్లగా.

"రేపే పంపుతానమ్మా."

నా ఇన్నాళ్ల తర్కం సాధించలేనిది ఒక్క బేరం సాధించింది. నేను చిన్నబుచ్చుకోలేదు. గెలుపు ఏ గుమ్మంలోంచి వచ్చినా గెలుపే. కాని పిన్ని అంతటితో ఊరుకోలేదు. తిరుగు లాంచీలో ఆయన ఎదురుగానే వచ్చి కూర్చుంది.

"పడుగొక్కటీ చాలదండీ. డాక్టరుగారన్న మాట మీరే మన వీధిలో చెప్పాలి."

"నేనెందుకమ్మా? మీ అమ్మాయి ఉందిగా. మైకు లేకపోయినా ఊరంతా వినపడుద్ది" అంటూ ఆయన నన్ను చూపించారు.

"దాని మాట ఎవరింటారండీ? ఇన్నాళ్లూ మీరు విన్నారా?"

ఆయన "ఆయ్" అని తల ఊపారు.

పొద్దువాలేసరికి బండారులంక చేరాము. కొట్టు అరుగుమీద నలుగురు నేతగాళ్లు కూర్చుని ఉన్నారు. నరసయ్యగారు గొంతు సవరించుకొని, "రత్నమ్మ జబ్బు అంటేది కాదంటయ్యా" అన్నారు.

"ఇంకొంచెం గట్టిగానండీ" అంది పిన్ని.

"అంటేది కాదు! డాక్టరుగారిని నేనే అడిగేను. పొద్దున్నే ఆవిడ మగ్గానికి పడుగు పంపుతున్నాను. ఎవరికైనా అనుమానముంటే నా దగ్గరికి రండి, ఆవిడ దగ్గరికి కాదు."

క్యాన్సర్ అన్న పేరు వినగానే మరణశాసనం చదివినట్లు తలలు దించుకునేవారితో నాకు పేచీ. జబ్బును తొలిదశలో పట్టుకోవడం సగం యుద్ధం, వైద్యం చివరిదాకా చేయించడం మిగతా సగం అనుకున్నాను. ఆ తరువాత రెండో యుద్ధం ఒకటి ఉంది, అది మనుషుల మధ్యకు తిరిగి రావడం. దాని గురించి ఏ ఆసుపత్రి గోడమీదా రాసి ఉండదు. మా పిన్ని అదీ గెలిచింది. ఇటువంటి ప్రయాణం పెట్టుకున్నవారికి నా సలహా ఒక్కటే. మీ మాట నమ్మని పెద్దమనిషిని వెంట తీసుకువెళ్లి, ప్రశ్న ఆయనచేతనే అడిగించండి. ఆయన టికెట్టు మీరే కొన్నా నష్టం లేదు.