హసీనా మేడం ఆపిన చోట

మొన్న అనంతపురంలో మా అమ్మాయి చదివే బడికి వెళ్లి వరండాలో నిలబడి ఉంటే, పక్క గదిలోంచి ఎవరో టీచరు కథ చదువుతున్న గొంతు వినిపించింది. ఆ గొంతు మెల్లగా తగ్గి తగ్గి, టక్కున ఆగిపోయింది. వెంటనే పిల్లలంతా "అయ్యో, చెప్పండి మేడం!" అని గోలపెట్టారు. ధర్మవరంలోని తొమ్మిదో తరగతి గది, అందులో హసీనా మేడం కళ్ల ముందుకొచ్చారు.

ఆమె కదిరి నుంచి వచ్చి మాకు ఇంగ్లీషు చెప్పేవారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైదానం దాటేది. ఆమె వచ్చేనాటికి మా తరగతి రెండు ముక్కలు. మగ్గాల వీధి పిల్లలం కిటికీ వైపు, పట్టుచీరల అంగళ్లవాళ్ల పిల్లలు గోడ వైపు. మా నాయన నేసిన చీరలే గోడ వైపు కూర్చునే హరీశ్ వాళ్ల అంగట్లో మెరిసేవి. మగ్గానికెక్కించే ముందు పడుగు పోగులకు పట్టించే గంజి వాసన నా దగ్గర వస్తుందని వాడు నన్ను "గంజి" అని పిలిచేవాడు. నేను వాణ్ణి "గల్లాపెట్టె" అనేదాన్ని.

ఒకరోజు మేడం లావుపాటి నవల ఒకటి తెచ్చారు. ఏదో దూరదేశపు ఊళ్లో లేనివాళ్ల పిల్లలకూ ఉన్నవాళ్ల పిల్లలకూ మధ్య పగ. రోజూ చివరి పీరియడులో కొంత చదివి, తెలుగులో చెప్పి, సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట పుస్తకం మూసేవారు. ఆ తర్వాత ఇంకో చిక్కు పెట్టేవారు. మగ్గాల పిల్లలు ఉన్నవాళ్ల నోటితో, అంగళ్ల పిల్లలు లేనివాళ్ల నోటితో ఆనాటి కథ చెప్పాలి.

"నేను చెప్పను మేడం. వాళ్లు దొంగనాయాళ్లు" అన్నాను.

"అట్లనే కానీ. ఆ దొంగనాయాలు పొద్దున లేచి ఏం చేసినాడో చెప్పు, విందాం."

తరగతంతా నవ్వింది. నేను చెప్పాను. బాగానే వచ్చింది, అదే నాకు ఒళ్లుమంట.

ఆ నవల చివరికొచ్చిన రోజుల్లోనే ఇది జరిగింది. ఒక పొద్దున నాయన వీధి పొడవునా పడుగు సాచి గంజి పట్టిస్తున్నాడు. హరీశ్ కొత్త మోటారుసైకిలు మీద దూసుకొచ్చి దాన్ని తెంపుకుంటూ పోయాడు. ఆగలేదు. నాయన తెగిన పోగులు చేతిలో పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు. మా వీధి పిల్లలం రగిలిపోయాం. సాయంత్రం చిత్రావతి ఇసుకలో తేల్చుకుందామని కబురు పంపాం. వాళ్లూ సరేనన్నారు.

కట్టెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డామో లేదో, ఎవరు చెప్పారో ఏమో, స్కూటీ మీద మేడం వచ్చారు. రెండు గుంపులకూ నడుమ ఇసుకలో కూర్చుని నవల తెరిచారు.

"చివరి అధ్యాయం మిగిలి ఉండాది. కొట్టుకున్నాక సగంమంది ఆసుపత్రిలో ఉంటారు, వినేదెవరప్పా? ఇప్పుడే చదివేస్తా."

ఎవరూ కూర్చోలేదు. ఆమె చదవసాగారు. గాలికి మాటలు ఎగిరిపోతుంటే వినడానికి ఒక్కో అడుగూ ముందుకు వేశాం. చూస్తే అందరం ఆమె చుట్టూ ఉన్నాం. కథలో ఓ కుర్రాడు పగవాళ్ల ఇంటి తలుపు తట్టాడు. మేడం టక్కున పుస్తకం మూసేశారు.

"చెప్పండి మేడం!" రెండు గుంపులూ ఒకే గొంతుతో అరిచాయి.

"ముందు పొద్దుటి కథ కానీ. హరీశా, ఈ పాప నోటితో చెప్పు."

వాడు చేతిలోని కట్టె ఇసుకలో పడేశాడు. "మా నాయన పడుగు సాచినాడు... బండి వచ్చింది... మా నాయన కింద కూలబడినాడు." అంతలో నా నోరు వదిలేసి తన మాటకొచ్చాడు. "నేను బండి అద్దంలో చూసినా మేడం. భయమేసి ఆగలేదు."

నా వంతు వచ్చింది. కోపంతోనే మొదలుపెట్టాను. "నాకు కొత్త బండి కొనిచ్చినారు. మా నాయన అంగట్లో అందరి ముందర నన్ను తిడతాడు. బండెక్కితే ఆ తిట్లు ఇనపడవు..."

హరీశ్ తలెత్తి, "నీకెట్ల తెలుసు?" అన్నాడు. చీరలు ఇవ్వడానికి నాయనతో పోయినప్పుడు చూశాను. చూసింది మరిచిపోయాననుకున్నాను, అంతే.

మేడం చివరి పేజీలు చదివారు. కట్టెలు ఇసుకలోనే ఉండిపోయాయి.

మర్నాడు పొద్దున్నే హరీశ్ మా వీధికి నడిచి వచ్చి, పోగులు అతికే నాయన పక్కన కూర్చున్నాడు. వాడి చేతికి పట్టుపోగు లొంగలేదు. మా అమ్మ, "వదులప్పా, ఉన్నవీ తెంపేట్టుండావు" అని కసిరి, కొస పట్టుకొమ్మంది. ఇంతలో హరీశ్ వాళ్ల నాయన కారు దిగాడు.

"అంగడి ఇడిసి ఈడేం చేస్తాండావురా?"

"నేను తెంపింది నాయనా. అతికిందాకా రాను."

వీధంతా ఊపిరి బిగబట్టింది. ఆయన కొడుకు చేతిలోని కొస చూసి, వెనక్కి తిరిగి కారెక్కాడు. మా వీధి పిల్లలు ఈలలు వేశారు. గట్టిగా వేసింది నేనే!

మేడం మరుసటి ఏడు బదిలీ అయి వెళ్లిపోయారు. నా కోపిష్టితనం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. ఇంట్లో అయినా ఆఫీసులో అయినా ఎవరి మీదైనా ఒళ్లు మండితే, జరిగినదాన్ని వాళ్ల నోటితో ఒకసారి నాకు నేను చెప్పుకుంటాను. చాలాసార్లు నా గొంతు దిగుతుంది. కొన్నిసార్లు మాత్రం ఎటునుంచి చెప్పుకున్నా తప్పు వాళ్లదే అవుతుంది. అప్పుడు వెనక్కి తగ్గను. హసీనా మేడం చూస్తే, "అట్లనే కానీ" అంటారు.